రెండు చొక్కాలు, ఒకే బాతు

కాస్త పక్కకి జరుగు తల్లీ. దుప్పటంతా నువ్వే చుట్టుకుంటే నేనేం కప్పుకోను? ఆఁ, అట్లా. ఊఁ కొడతావా మరి? కొట్టకపోతే కథ దారిలో కూర్చుండిపోతుంది, తర్వాత నన్నని లాభం లేదు.

అనగా అనగనగా, కాలువ గట్టున ఒక ఊళ్ళో పెంచలయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన పని బాతుల్ని మేపడం. ఆయనకి పెళ్ళాం కామాక్షమ్మ, కూతురు చెంగి, ఇంకా పాకుతుండే కొడుకు పోలిగాడు. చెంగి నీకంటే రెండేళ్ళు పెద్దది. పళ్ళు తోముకోమంటే ఒక్కసారికే లేచి తోముకునేది. నిన్నేమీ అనటం లేదులే.

బాతులు ఒక్కచోట నిలవవు. కోతలైన చేలల్లో రాలిన గింజలు తింటాయి, నత్తలు తింటాయి. ఆ చేను అయిపోతే పక్క ఊరి చేనికి నడుస్తాయి. అప్పుడు పెంచలయ్య కూడా కర్ర పట్టుకుని వాటి వెనకాలే నడవాలి. అట్లా నడిచి నడిచి నెలల తరబడి ఇంటికి దూరమైపోయేవాడు. పోలిగాడు ఉయ్యాల్లో ఉండగా పోయినవాడు, వాడు గడప దాటి పాకే రోజులకి గానీ రాలేదు.

వచ్చాడు కదా, గడ్డం పెరిగి, ఒళ్ళంతా బురద వాసనతో వచ్చాడు. చేతులు చాపి కొడుకుని పిలిచాడు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అప్పుడు గిలక్కాయ ఆడించాడు. వాడు ఇంకా ఏడ్చాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక, బాతుల్ని పిలిచినట్టు "బా బా బా" అని పిలిచాడు. పాపం, ఆయనకి తెలిసిన ముద్దుమాట అదొక్కటే. పోలిగాడు పాక్కుంటూ పోయి వాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళలో దూరాడు.

మూడు రోజులుందామని వచ్చిన పెంచలయ్య మర్నాడే కర్ర అందుకున్నాడు. "వాడు నన్ను మరిచిపోయినాడని కాదులే కామాక్షీ. మరిచిపోవాలంటే ముందు తెలిసుండాల గదా," అన్నాడు. ఆ మాట చెంగి చెవిన పడింది. పడిన దగ్గర్నించీ దానికి అన్నం సయించలేదు. ఉండు తల్లీ. నీళ్ళిలా ఇయ్యి.

కొన్నాళ్ళు పోయింది. పోలిగాడికి తప్పటడుగులు వచ్చాయి. అప్పుడు బాతుగుడ్లు కొనుక్కుపోయే సైకిలాయన కబురు మోసుకొచ్చాడు. "మీ నాయన పున్నానికి వస్తాడంట పాపా. బాతుల్ని కాలవ అవతల దించి వస్తాడంట, ఒక్క పూటే ఉంటాడంట. వానలు పడినాయంటే మళ్ళీ ఎప్పుడొచ్చేదీ తెలీదంట."

ఒక్క పూట. ఆ ఒక్క పూటలో తమ్ముడు నాయన దగ్గరికి పోవాలి. ఎట్లా? చెంగి కూర్చుని ఆలోచించింది, నిలబడి ఆలోచించింది, చివరికి బావిలో చేద వదిలేసి ఆలోచించింది. అందుకు వాళ్ళమ్మ చేత నాలుగు తిట్లు కూడా తినింది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. పండక్కి ఇంటిల్లిపాదికీ ఒకే తానులో గుడ్డ తెచ్చేవాళ్ళు. అందులోనే అమ్మకి రవిక, కూతురికి పావడా, పిల్లోడికి చొక్కా, నాన్నకి చొక్కా. తిరణాలలో పిల్లోడు తప్పిపోతే, వాడి గుడ్డ చూసి ఏ ఇంటివాడో చెప్పేసేవాళ్ళు. పోయిన ఉగాదికి వాళ్ళింటికి పచ్చపూల తాను వచ్చింది. పెంచలయ్య ఊళ్ళో లేడు కాబట్టి ఆయన ముక్క కత్తిరించలేదు. పోలిగాడికేమో పచ్చపూలంటే ప్రాణం. అమ్మ పచ్చపూల రవిక వేసుకుంటే అమ్మ దగ్గరికి, అక్క పావడా కట్టుకుంటే అక్క దగ్గరికి పోయేవాడు. మిగిలిన ముక్కతో కుట్టిన దిండు గలీబుని కూడా కావలించుకుని కూర్చునేవాడు.

"ఇంకేం మరి. నాయన మా తానులో లేడు, అందుకే వాడికి తెలీలేదు," అనుకుంది చెంగి.

పచ్చపూల తాను అప్పటికే అయిపోయింది కదా, అందుకని పెట్టె తీసింది. అడుగున నాయన తెల్లచొక్కా ఒకటి ఉంది, మెత్తగా నలిగినది. పోలిగాడి తెల్లచొక్కా ఒకటి ఉంది, వెనక నాడాలు ముడివేసేది. రెండూ చంకన పెట్టుకుని ఊరి చివర మస్తానవ్వ ఇంటికి పోయింది.

మస్తానవ్వ ఎవరంటే, నీలిమందు బాన పెట్టుకుని ఊరందరి గుడ్డలకీ రంగు వేసే ముసలామె. ముంచి ముంచి ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. చిన్నపిల్లలు ఆమె ఆకాశంలో చేతులు పెట్టి వచ్చిందనుకునేవాళ్ళు. ఆమె కూడా అవునని చెప్పేది.

"అవ్వా, ఈ రెండూ ఒకే తాను చేసియ్యి," అంది చెంగి, సంగతంతా చెప్పి.

అవ్వ చొక్కాలు తిప్పి చూసింది. "ముంచితే రెండూ నీలమైపోతాయి మే. అదెంతసేపు? అయితే ఈ ఊళ్ళో సగంమంది చొక్కాలు నేను ముంచినవే. వాళ్ళందరినీ నాయనా అంటాడా మీ తమ్ముడు?"

చెంగి మొహం చిన్నబోయింది. అప్పుడు అవ్వ దాని గడ్డం పట్టుకుని, "ఇంకెవరికీ లేని గుర్తు ఒకటి పెట్టుకో. ఏం పెడతావు?" అంది.

చెంగి తడుముకోకుండా "బాతు" అంది.

అప్పుడు అవ్వ పని నేర్పింది. చొక్కా తిరగేసి, మసి పైకి కనపడకుండా లోపలివైపు బొగ్గుతో బాతు గియ్యాలి. ఆ గీత మీదే సూదితో సన్నగా కుట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాత దారం కొసలు లాగి, గుడ్డని కుచ్చుగా బిగించి ముడెయ్యాలి. దారం కరిచి పట్టుకున్న చోటికి రంగు పోదు. అక్కడ తెలుపు తెల్లగానే మిగిలిపోతుంది, అదే బాతు. కుట్టేటప్పుడు అవ్వ ఒక పాట పాడేది.

మునిగే బాతు, తేలే బాతు,
సూది ముక్కున నడిచే బాతు.

నిజమే కదా, సూది గుడ్డలో మునుగుతుంది, తేలుతుంది, మళ్ళీ మునుగుతుంది. బాతుకీ అదే పని.

ముందు పాత గుడ్డపేలిక మీద కుట్టి చూడమంది అవ్వ. మొదటిసారి చెంగి తొందరపడి బారెడు బారెడు కుట్లు వేసింది. ముంచి తీస్తే కుట్ల సందుల్లోంచి రంగు దూరిపోయి బాతూ లేదు, గీతా లేదు. రెండోసారి కుట్లు చక్కగా వేసింది గానీ, చూడాలన్న ఆత్రంతో తడి మీదే దారం తెంపేసింది. రంగు మెల్లగా తెలుపులోకి పాకి, బాతు మంచులో కలిసిపోయినట్టు కలిసిపోయింది. చెంగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆరేదాకా ఆగేది కూడా పనే మే," అంది అవ్వ. "రేపు మధ్యానం వచ్చి చొక్కాలు పట్టు. పొద్దుగూకేలోగా ముంచాల. బాన అలిసిపోయింది, ఎల్లుండికి రంగు పట్టదు."

ఎల్లుండే పున్నమి. వింటున్నావా? ఊఁ.

మర్నాడు చెంగి అవ్వ వసారాలో కూర్చుంది. చిన్నచొక్కా ఒళ్ళో వెల్లకిలా పరుచుకుంది. దాని మీద నాయన చొక్కా గుండీలు విప్పి, గుండె ఉండే వైపు తిరగేసి పెట్టుకుని, బాతు గీసింది. ముందు పెద్దది కుట్టి, ఆ తర్వాత చిన్నది కుడదామని దాని లెక్క. సూది మునిగింది, తేలింది, మునిగింది. ఎండ మెత్తగా ఉంది. లోపల అవ్వ పాట సన్నగా వినపడుతోంది. కాలువ మీంచి గాలి వస్తోంది. చెంగి రెప్పలు వాలిపోయాయి, చేతులు మాత్రం కుడుతూనే ఉన్నాయంట. అట్లా ఎట్లా కుడతారని అడగకు, నాకూ నిద్రలో విసనకర్ర విసిరే అలవాటుంది.

అప్పుడు దానికొక కల వచ్చింది. ఎటు చూసినా నీలం నీళ్ళు. ఆ నీళ్ళ మీద సూది తెల్లబాతై ఈదుతోంది, దాని వెనకాలే దారం. బాతు మునిగింది, ఒక ఊళ్ళో తేలింది. అక్కడ కోతలైన చేలన్నీ బంగారంగా మెరుస్తున్నాయి, నాయన లేడు. బాతు మునిగింది, ఇంకో ఊళ్ళో తేలింది. అక్కడ మబ్బులు కాలువలో దిగి కాళ్ళు కడుక్కుంటున్నాయి, నాయన లేడు. బాతు మూడోసారి మునిగి తేలింది. అక్కడ తాటాకు గుడిసె ముందు నాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ఒడి ఖాళీగా ఉంది. చెంగి దారం కొస ఆయన గుండె మీద ఆనించి గట్టిగా లాగింది. దూరంగా ఉన్న ఇల్లు మెల్లగా, కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుంటూ, ఆయన దగ్గరికి జరిగి వచ్చింది.

చెంగికి మెలకువ వచ్చింది. చూసుకుంటే ఏముంది? కుట్టు పూర్తయింది, దారం లాగేసింది, ముడి కూడా వేసేసింది. కానీ నాయన చొక్కా ఒక్కటే కుట్టలేదు. కింద ఉన్న తమ్ముడి చొక్కాని కూడా కలిపి కుట్టేసింది. రెండూ అతుక్కుని ఒక్క మూటయిపోయాయి.

చెంగి ఏడ్చుకుంటూ అవ్వ దగ్గరికి పరిగెత్తింది. అవ్వ ఆ మూట చూసి, పడమటివైపు చూసింది. పొద్దు వాలిపోతోంది. విప్పి మళ్ళీ కుట్టే వేళ లేదు. "అట్లానే ముంచు. బాన ఏం చేస్తదో చూద్దాం," అంది.

మూడు ముంచులు ముంచారు. నీలిమందులో ఒక వింత ఉంది తల్లీ. గుడ్డ బయటికి తీసినప్పుడు పచ్చగా ఉంటుంది, ఆ తర్వాత గాలి తగిలేకొద్దీ కళ్ళెదుటే నీలమవుతుంది. మొదటి ముంచుకి తెల్లారే ఆకాశంలా అయింది, రెండో ముంచుకి పట్టపగలులా, మూడో ముంచుకి చుక్కలొచ్చే వేళలా. దాన్ని దండెం మీద వేసి, చెంగి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది, తాకకుండా ఉండాలని.

మర్నాడు మధ్యానానికి గానీ మూట ఆరలేదు. దాన్ని దండెం మీంచి తీసుకుని చెంగి పరుగున ఇంటికి వచ్చేసరికి, పెంచలయ్య అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పోలిగాడు అప్పటికే ఏడ్చి ఏడ్చి అమ్మ భుజం మీద వెక్కుతున్నాడు. పెంచలయ్య ఈసారి చేతులు చాపలేదు. కర్ర పక్కనే పెట్టుకున్నాడు.

చెంగి అరుగు మీదే కూర్చుని, ముడి తెంపింది. దారం లాగింది. రెండు చొక్కాలూ పుస్తకం తెరిచినట్టు విడిపోయాయి. పెద్దదాని మీద ఒక తెల్లబాతు, చిన్నదాని మీద ఒక తెల్లబాతు. కానీ ఒకటి కాలువవైపు చూస్తోంది, ఇంకొకటి ఇంటివైపు చూస్తోంది. ఒకే తాను చేద్దామంటే ఎదురెదురు బాతులైపోయాయి. అయ్యో, తమ్ముడు వేరనుకుంటాడేమో అనుకుంది చెంగి.

"ఏందిమే ఇది?" అన్నాడు పెంచలయ్య.

"మన తాను నాయనా. నీకూ కత్తిరించినా," అంది చెంగి. పెద్దచొక్కా ఆయన ఒళ్ళో పెట్టింది.

పెంచలయ్య ఆ బాతుని వేలితో తడిమి చూశాడు. ఆ తర్వాత కాళ్ళూ చేతులూ కడుక్కుని తొడుక్కున్నాడు. కామాక్షమ్మ పోలిగాడికి చిన్నది తొడిగి కింద దింపింది. ఎవరూ వాణ్ణి పిలవలేదు.

పోలిగాడు వంగి తన బాతుని చూసుకున్నాడు. తలెత్తి నాయన బాతుని చూశాడు. మళ్ళీ తనది చూసుకున్నాడు. అప్పుడు ఒక అడుగు వేశాడు, రెండో అడుగు వేశాడు, మూడో అడుగుకి తూలి పెంచలయ్య మోకాళ్ళ మీద పడ్డాడు. పెంచలయ్య వాణ్ణి మెల్లగా ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు.

అప్పుడు చెంగి చూసింది. చొక్కాలు ఎదురెదురుగా పెట్టి కుట్టింది కదా. నాయన బాతు మీద తమ్ముడి బాతు, ముక్కు మీద ముక్కు, రెక్క మీద రెక్క, సరిగ్గా వచ్చి వాలింది. రెండు బాతులూ ఒక్క బాతైపోయాయి. విడిగా చూస్తేనే వేరు, దగ్గరికి తీసుకుంటే ఒకటే.

పోలిగాడు అట్లానే నిద్రపోయాడు. పెంచలయ్య కదల్లేదు. అన్నం చల్లారిపోయింది, కదల్లేదు. కాలువ అవతల బాతులు అరిచాయి, ఆ రోజుకి వాటినీ అరవనిచ్చాడు.

ఆ తర్వాత వానలొచ్చాయి, పోయాయి. పెంచలయ్య మళ్ళీ నెలల తర్వాత వచ్చాడు. బాతు చొక్కా వానకి నాని, ఎండకి ఎండి, చినిగిపోయిందంట. ఏదో పాత బనీను తొడుక్కుని వచ్చాడు. గుమ్మంలో చెంగి అది చూసి నిలువునా నీరైపోయింది. పోలిగాడి ఒంటి మీద కూడా నీలం చొక్కా లేదు, పొట్టిదైపోయింది.

కానీ వాడు లోపల్నించి పరిగెత్తుకొచ్చాడు. అక్కని దాటాడు, అమ్మని దాటాడు. పోయి నాయన మెడ పట్టుకుని, బాతు ఉండాల్సిన చోట గుండె ఆనించి, "బా బా బా" అన్నాడు.

ఇంక ఊఁ కొట్టక్కర్లేదులే, కళ్ళు మూసుకో.

మునిగే బాతు, తేలే బాతు,
ముడి విప్పితే నవ్వే బాతు.
కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మనింటి తలుపు తట్టింది.