నెమలి మెడలో తీగ

పార్వతీపురంలో కదిలే బొమ్మలు చేసే నృసింహం మాష్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చేతికి పని ఇస్తారు. పైగా మొరాయించిన బొమ్మ కనబడిందంటే ఆయనకు విందుకు పిలుపొచ్చినంత సంబరం.

ఒకనాడు ఆయన శిష్యురాలు అమృతవల్లి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. తల్లి పోయాక చెల్లెలు కమలినిని తనే పెంచింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి బొమ్మల దుకాణం నడుపుతున్నారు. "నేను వేరే పోతానక్కా" అని ఆ ఉదయం చెల్లెలు అనేసింది.

"దాని తిండి, బట్ట, పని, ఆఖరికి స్నేహాలు కూడా నేనే చూసుకున్నాను మాష్టారూ. ఏం లోటు చేశానని?"

మాష్టారు బల్లమీది నెమలిని ఆమె ముందుకు జరిపారు. దసరా కొలువు కోసం ఆమె చేస్తున్న బొమ్మే అది. దాని తలలో ఉన్న చిన్న మోటారు ముక్కుతో గింజలు పొడిపిస్తుంది. పీఠంలో ఉన్నది మెడను అటూ ఇటూ తిప్పుతుంది. తలలోని మోటారుకు కరెంటు మెడలోంచి పోయే తీగతోనే అందాలి. మొదట వెంట్రుకంత తీగ వేస్తే అది వేడెక్కి కమురు వాసన కొట్టింది. హడలిపోయిన అమృతవల్లి ఈసారి ఇళ్ల గోడల్లో వేసే లావుపాటి ఒంటి రాగితీగ దూర్చింది. ముక్కు టకటకా పొడుస్తోంది గానీ మెడ మాత్రం కదలడం లేదు.

"ఎందుకంటావు?" అన్నారు మాష్టారు కుతూహలంగా.

ఆమె మెడకు నూనె వేసింది. పీఠంలో పెద్ద మోటారు పెట్టింది. అది మూలిగింది, మెడ వణికింది, అంతే. అన్నిటినీ అనుమానించింది, తను ఏరికోరి వేసిన తీగను తప్ప. మంచికని చేసినదాన్ని అనుమానించడం ఎవరికి చేతనవుతుంది! చివరికి విసుగెత్తి ఆ తీగ ఊడలాగితే మెడ హాయిగా తిరిగింది. ఆమె చేతిలోని లావు తీగను వంచి చూసింది, అది ఓ పట్టాన వంగలేదు.

"అయితే మళ్లీ సన్నతీగేనా?"

"అది మాడింది కదమ్మా."

మాష్టారు సొరుగులోంచి మరో తీగ తీసి చివర ఒలిచారు. లోపల సన్నని రాగిపోగులు బోలెడు మెలివేసి ఉన్నాయి. "రాగి ఇంచుమించు ఆ లావు తీగలో ఉన్నంతే. వంగుతుంది, అంతే తేడా."

అమృతవల్లి దాన్ని వేలికి చుట్టి చూసింది. తర్వాత తల నుంచి పీఠం దాకా బిర్రుగా లాగి, సరిగ్గా అక్కడికి కత్తెర పెట్టింది. పెట్టి ఆగిపోయింది.

"చెల్లి నిజంగానే వెళ్లిపోతే మాష్టారూ?"

ఆయన ఆమె చేతిలోని కత్తెరను మెల్లగా పక్కకు జరిపారు.

"ఇంకో జానెడు వదులమ్మా. అది అటువైపు కూడా చూడాలిగా."