ఓబులమ్మ వేసిన చుక్కలు

కరోనా వచ్చిన తొలి ఏడు, కడప బస్టాండులో బస్సులు ఆగిపోయాక, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు కొందరు ఆ ప్లాట్‌ఫారాల మీదే ఉండిపోయారు. సూఫీ గురువు హజ్రత్ ఖాదర్‌షా వాళ్ళ కళ్ళ బాగు చూడమని శిష్యుడు ఇలియాస్‌ను పంపారు. ఇలియాస్ అంతకుముందు కంటి ఆసుపత్రిలో పనిచేసినవాడు.

అందరూ మందు వేయించుకున్నారు, ఓబులమ్మ తప్ప.

ఆమెకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన ఒక్క కంట్లో నల్లగుడ్డు మీద పుండు లేచింది. మందు పడకపోతే అదీ పోతుంది. ఇలియాస్ బతిమాలాడు, కసిరాడు, భయపెట్టాడు. తల ప్రాణం తోకకొచ్చింది గానీ ఆమె ముఖం మీది కొంగు తీయలేదు.

"మందు ఉంది, వేసేవాణ్ణి నేనున్నాను," అని గురువు దగ్గర వాపోయాడు. "ప్రాణానికి తెగించి పోతున్నాను హజ్రత్. ఇంకా ఏం కావాలో ఆ తల్లికి, నాకైతే అంతు చిక్కడం లేదు."

ఖాదర్‌షా లేచారు. "పద. సంచిలో నా చుక్కల సీసా కూడా పెట్టు."

వయసు మీద పడి ఆయన కళ్ళు ఊరికే ఎండిపోయేవి. పూటపూటా తడి చుక్కలు వేసుకునేవారు. ఒకరి సాయం అడిగి ఎరగరు. ఇంత పెద్దాయన ఈ రోజుల్లో గడప దాటడమే తప్పు, పైగా ఆ సీసా అక్కడెందుకో. వద్దంటే వినే మనిషా అనుకున్నాడు ఇలియాస్.

బస్టాండులో ఓబులమ్మ రాజంపేట బోర్డు కింద కూర్చుని ఉంది. చుట్టూ ఇలియాస్ ముగ్గుపిండితో గీసిన గీత. అన్నం పొట్లాన్ని రోజూ కర్రతో ఆ గీత లోపలికి తోసేవాడు. అందరి మంచికేనని అతని నమ్మకం.

ఖాదర్‌షా గీత దాటి ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"అమ్మా, నా కండ్లు మండుతాండాయి. రెండు చుక్కలు ఏస్తావా?"

కొంగు కొంచెం జరిగింది. "నేనా?"

"నువ్వే."

"నా చేతులు ఎవురూ ముట్టుకోరు సామీ. మురికి."

"కడుక్కుంటే పోతాది."

ఆయన సబ్బు ఇచ్చి, చెంబుతో నీళ్ళు పోశారు. "హజ్రత్, నేను వేస్తాను మీకు," అన్నాడు ఇలియాస్. ఆయన వినిపించుకోలేదు. తల వెనక్కి వాల్చి కళ్ళు పెద్దవి చేశారు.

ఓబులమ్మ కొంగుతో నోరూ ముక్కూ బిగించి కట్టుకుంది. నీరు కారే కంటితోనే వంగి చూసింది. మొదటి చుక్క చెంప మీద పడింది.

"అయ్యో!"

"ఏం కాదులే. ఇంకోటి ఏయమ్మా."

ఈసారి కంట్లోనే పడింది. రెండో కంట్లోనూ పడింది. అప్పుడామె ఇలియాస్ వైపు తిరిగింది.

"రా అబ్బీ. ఏస్తానంటివి గదా, ఎయ్యి."

ఇలియాస్ గబగబా మందు సీసా తీసి వంగాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు చేతులు కడుక్కో."

"గ్లౌజులు ఉన్నాయమ్మా."

"యాడాడ ముట్టుకున్న గ్లౌజులో! తీసెయ్యి."

ఇలియాస్ దిక్కుతోచక గురువు వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని మందు ఇంకనిస్తున్నారు. గ్లౌజులు తీశాడు. ఓబులమ్మ చెంబు అందుకుని నీళ్ళు పోసింది. "గోళ్ళ సందున కూడా," అంది. అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కడుక్కున్నాడు.

ఆమె తనంతట తానే రెప్ప విప్పింది. మందు పడింది.

తిరిగి వచ్చే దారిలో ఇలియాస్ ఉండబట్టలేకపోయాడు. "నేను అన్ని రోజులు చేసిన తప్పేమిటి హజ్రత్?"

ఆయన ముందుకు నడుస్తూనే ఉన్నారు. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చాక ఇలియాస్ సంచి తడిమి ఉలిక్కిపడ్డాడు.

"మీ సీసా లేదు! అక్కడే మరిచిపోయినట్టున్నాం. పరుగున పోయి తెస్తాను."

"మరిచిపోలా. ఆమె కాడ పెట్టి వచ్చినా."

"మరి సాయంత్రం చుక్కలో?"

ఖాదర్‌షా చెప్పులు విడిచి లోపలికి నడిచారు.

"రమ్మనింది," అన్నారు. "పొద్దు గూకేలోగా పోకుంటే తిడతాదంట."