ఎర్నమ్మ కనుమలో వెలసిన ఊతరాతి జగన్నాథస్వామి

చెన్నపట్నం నుంచి కలకత్తా వెళ్ళే పాత రహదారి మీద, శ్రీకాకుళం దాటి ఉత్తరంగా ప్రయాణించే యాత్రికులకు ఎడమ చేతి వైపు మహేంద్రగిరి నీలంగా కనబడడం మొదలవుతుంది. ఆ తరువాత కొంతసేపటికి ఎర్నమ్మ కనుమ వస్తుంది. కొత్తగా వేసిన వెడల్పాటి రహదారి కనుమ ఎక్కకుండా కొండ కింది నుంచే పోతున్నది. పాత దారిన రాదలచిన భక్తులు జీడితోటల దగ్గర దేవస్థానం వారు పెట్టిన పచ్చబోర్డు చూసి ఎడమకు మళ్ళాలి. అక్కడి నుంచి పైకి రెండు మైళ్ళు.

ఈ రెండు మైళ్ళూ తొందరపడకుండా రావలసినవి. మొదట గెడ్డ అనే కొండవాగు మీద సున్నమూ ఇటుకా కలిపి కట్టిన మూడు కమానుల వంతెన వస్తుంది. దాని మీద ఈనాటికీ లోడు లారీ పోగలదు. తరువాత ఒక మైలురాయి. దాని మీద ఒక పక్క తెలుగు అంకెలు, మరొక పక్క ఒడియా అంకెలు చెక్కి ఉన్నాయి. రెండవ మలుపులో బండ్ల ఎద్దులు నీళ్ళు తాగడానికి తొలిచిన రాతి తొట్టి ఉన్నది. మోటారు బండ్లు వచ్చాక ఇంజన్లలో పోసే నీళ్ళు కూడా డ్రైవర్లు అందులోనే ముంచుకునేవారు. ఎండాకాలంలో ఆ మలుపులోనే ముంజెలు అమ్ముతారు. ఏడాది పొడుగునా కాల్చిన జీడిపప్పు దొరుకుతుంది. మూడవ మలుపులో బండి ఆపి తూర్పుకు చూస్తే సముద్రం కనబడుతుంది. ఆ మలుపు పక్కనే పెంకుల కప్పు బంగళా ఒకటి శిథిలమై ఉన్నది. పాము భయం వల్ల లోపలికి వెళ్ళవద్దని మనవి.

ఈ చిన్న పుస్తకం వ్రాసిన నేను ఇరవై తొమ్మిదేళ్ళు ఈ దారిన బస్సు నడిపినవాణ్ణి. దేశంలో పెద్ద దారులు చాలా ఉన్నాయి. ఫలానా రాజు వేయించాడనీ, ఫలానా దొర కంకర పోయించాడనీ వాటి గురించి చెప్పుకుంటారు. మా కనుమకు మాత్రం ఒక నేతపని ఇంటి కోడలి పేరు ఉన్నది. ఈ సంగతి నేను ఎక్కడ చెప్పినా గర్వంగానే చెబుతాను.

కనుమ నెత్తికి కాస్త దిగువన, వాలు మీదనే, దారికి ఆనుకుని కోవెల ఉంది. గర్భగుడిలో చెక్కిన విగ్రహం లేదు. నేలలో నాటుకున్న మూరెడు నల్లరాయి, దాని నడుమ బండి చక్రం ఒత్తిన గాడి, గాడికి పైన రెండు గుండ్రటి గుంటలు. ఆ గుంటలే స్వామివారి కన్నులు. పూరీలో దారుమూర్తిగా ఉన్న స్వామి ఇక్కడ రాయిగా ఎందుకు నిలిచాడో పెద్దలు చెప్పిన ప్రకారం విన్నవిస్తున్నాను.

పూర్వం ఇక్కడ వంతెన లేదు, కంకర లేదు. దక్షిణం నుంచి పూరీకి పోయే యాత్రికులు నడిచే మట్టిదారి ఇది. దీనిని జగన్నాథం దారి అనేవారు. ఈ కనుమ దగ్గర వాలు నిటారుగా ఉండేది. ఎక్కలేక ఎద్దులు మోకాళ్ళ మీద పడిపోయేవి. బండి వెనక్కి జారితే అడ్డు ఏదీ లేదు.

ఆ రోజులలో నాగావళి ఒడ్డున ఒక నేతపల్లెలో కూర్మయ్య అనే సాలె ఉండేవాడు. అతని భార్య ఎర్నమ్మ. వారికి సంతానం లేదు. జగన్నాథస్వామికి తమ చేతి బట్ట సమర్పిస్తామని మొక్కుకుని, ఎర్నమ్మ వడికిన సన్నపు నూలుతో కూర్మయ్య ఒక కండువా నేశాడు. అంచుకు పసుపు దారం వేసి, చివర తన ఇంటి గుర్తుగా మూడు చేపల వరుస తీశాడు. ఆ కండువాను నేలకు తగలనీయకుండా తీసుకువెళ్ళి స్వామి పాదాల దగ్గర పెట్టాలని వారి నియమం. కూర్మయ్య అక్క సూరమ్మ, మరి నాలుగు కుటుంబాలవారు కలిసి ఒక బండి కట్టుకుని జ్యేష్ఠమాసంలో బయలుదేరారు.

కనుమ వాలు మీద సగం దూరం ఎక్కాక ఎద్దులు ఆగిపోయాయి. అందరూ దిగారు. బండి వెనక్కి కదలబోతుంటే కూర్మయ్య చక్రానికి భుజం ఆనించాడు. ఎర్నమ్మ అతని పక్కనే ఉంది. ఆమె రెండు చేతులలో కండువా మూట ఉంది, కాలి దగ్గర పెద్ద రాయి ఉంది.

“రాయెయ్యి, ఎర్నా” అన్నాడు కూర్మయ్య.

రాయి ఎత్తాలంటే మూట కింద పెట్టాలి. కింద అంతా దుమ్ము. దేవుడి బట్టను దుమ్ములో ఎలా పెట్టడమని ఆమె అటూ ఇటూ చూసింది. మూట అందుకునేవారి కోసం వెతికింది. ఆ కాస్త ఆలస్యానికే చక్రం కూర్మయ్య మీదుగా వెళ్ళిపోయింది.

దహనం అయిన మూడవ నాడు తోటివారు ప్రయాణం సాగించాలన్నారు. సూరమ్మ వచ్చి మరదలి పక్కన కూర్చున్నది.

“లే అమ్మీ. మొక్కు తీర్చాల గదా. ఆడు నేసిన బట్ట ఆడి దేవుడికి అందాల గదా.”

“నాను రాను వొదినా. ఈ వాలు మీద రాయేసే మనిసి లేకపోతే ఇంకో ఆడది నాలాగే ఏడుస్తాది. మీరు ఎల్లండి” అన్నది ఎర్నమ్మ.

ఆమె కొండ పక్కన తాటాకు పాక వేసుకున్నది. పగలు బండ్లు కిందనుంచి కనబడగానే రాయి ఎత్తుకుని దిగేది. బండి వెనుకనే నడుస్తూ, ఎద్దులు ఆగినచోటల్లా చక్రం కింద రాయి వేసేది. అవి ఊపిరి తీసుకున్నాక రాయి తీసి మళ్ళీ వెంట నడిచేది. అలా కనుమ నెత్తి దాకా వచ్చి, బండి అవతలికి దిగిపోయాక వెనక్కి వచ్చేది. బండివారు పెట్టిన బియ్యమో చోడిపిండో తినేది. ఏ రోజైనా పూరీకి బయలుదేరుదామని మూట తీసుకుని గడప దాటితే కింద మరొక బండి మువ్వలు వినబడేవి. మూట మళ్ళీ పాక చూరులో పెట్టి వెళ్ళేది. ఇలా పన్నెండేళ్ళు గడిచాయి. ఆ పన్నెండేళ్ళలో ఈ కనుమలో ఒక్క బండీ వెనక్కి జారలేదు.

పన్నెండవ ఏడు జ్యేష్ఠంలో సూరమ్మ మళ్ళీ పూరీయాత్రకు వచ్చింది. జుట్టు నెరిసి, చేతులు కాయలు కాచి ఉన్న మరదలిని చూసి కంటనీరు పెట్టుకున్నది.

“ఇకనైనా రాయే అమ్మీ. రాకపోతే ఆ కండువా అయినా ఇయ్యి. నాను అట్టుకెల్లి సమర్పిస్తాను.”

ఎర్నమ్మ మూట తెచ్చి విప్పి చూపించింది. బట్ట పాడు కాలేదు. కానీ ఇవ్వలేదు.

“దీని కోసమే గదా ఆడికి రాయెయ్యలేకపోనాను. ఇది నా సేత్తోనే ఇవ్వాల వొదినా” అన్నది. సూరమ్మ ఇక బలవంతం చేయక వెళ్ళిపోయింది.

అది జరిగిన నాలుగు రోజులకు, మిట్టమధ్యాహ్నం వేళ, ఒక ఒంటరి బండి కనుమ ఎక్కసాగింది. మీద ఎత్తుగా తాటాకులు కప్పిన బరువు ఉన్నది. బండి తోలే మనిషి నల్లనివాడు. కళ్ళు పెద్దవి, గుండ్రటివి. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. పగ్గాలు భుజాలకు చుట్టుకుని నోటితోనే ఎద్దులను అదిలిస్తున్నాడు. ఎర్నమ్మ రాయి ఎత్తుకుని పరుగెత్తింది. బండి వెనక్కి ఒరిగే క్షణానికి చక్రం కింద రాయి పడింది. అంతటి బరువు రాయి మీద ఆగింది.

“ఏటి బాబూ ఈ బరువు?” అని అడిగింది రొప్పుతూ.

“మొక్కుకుని రాలేకపోయినవాళ్ళ మొక్కులమ్మా. దారిపొడుగునా ఎత్తుకుని వస్తున్నాను” అన్నాడు అతను. “నీ ప్రయాణం ఎక్కడికి?”

“జగన్నాథానికి బాబూ.”

“ఎప్పుడు బయలుదేరావు?”

“పన్నెండేళ్ళయినాది.”

అతను నవ్వలేదు, జాలి పడలేదు. ఎద్దుల వైపు చూపించాడు. ఎడమవైపు ఎద్దు మెడ మీద కాడి రాసుకుని పచ్చిపుండు పడింది. ఈగలు ముసురుతున్నాయి. మళ్ళీ కాడి మోపితే అది అడుగు వేసేలా లేదు. “మెత్తటి గుడ్డ ఏదైనా కాడి కింద పెట్టగలవా? నాకు చేతులు లేవు” అన్నాడు.

ఎర్నమ్మ ఒంటి మీద ఉన్నది అతుకుల చీర ఒక్కటే. పాకలో గోనె తప్ప మరొక గుడ్డ లేదు. గోనె పుండును ఇంకా కోస్తుంది. ఆమె వాలు ఎక్కి పాకలోకి వెళ్ళింది. చూరులోని మూట అందుకుని గడప దగ్గర నిలబడిపోయింది. కూర్మయ్య నేసిన చివరి బట్ట అది. పన్నెండేళ్ళ కిందట దానిని నేల మీద పెట్టలేక తాను ఏం పోగొట్టుకున్నదో ఆమెకు తెలుసు. ఇప్పుడు దానిని రక్తంలో పెట్టాలి.

కింద ఎద్దు మూలిగింది. ఆమె ఇక ఆగలేదు. వచ్చి, కండువా నాలుగు మడతలు వేసి, ఎద్దు మెడ మీద పరిచి, దాని మీద కాడి మెల్లగా దించింది. పసుపు అంచు ఎర్రబడింది.

“దేవుడికని దాచినావా?” అని అడిగాడు బండి మనిషి.

“అవును బాబూ. దేవుడికి బట్టలకేటి లోటు? ఈ మూగజీవికి ఇంకెవుడు ఇస్తాడు?”

అతను అదిలించగానే ఎద్దులు కదిలాయి. మధ్యలో ఎక్కడా ఆగకుండా బండి కనుమ నెత్తికి చేరి అవతలికి దిగిపోయింది. ఎర్నమ్మ రాయి తీయడానికి వంగితే అది కదలలేదు. రాయి నడుమ చక్రం గాడి పడి ఉన్నది. గాడి మీద రెండు గుండ్రటి గుంటలు ఆమెనే చూస్తున్నాయి. ఆమె పైకి పరుగెత్తి అవతలి వాలు చూసింది. దుమ్ములో చక్రాల జాడ లేదు.

ఆషాఢం చివరలో సూరమ్మ పూరీ నుంచి తిరిగి వచ్చింది. పాక దూరాన కనబడగానే తలమీది తట్ట దించి గబగబా వచ్చి మరదలి చేతులు పట్టుకున్నది.

“రథం కదిలే రోజున స్వామి బుజం మీద నా తమ్ముడి కండువా చూసినానే అమ్మీ. మూడు సేపల గుర్తు నా కల్లతో చూసినాను. మాసిపోయి, నెత్తుటి మరకతో ఉన్నాది. పూజార్లు మార్చబోతే పెద్ద పూజారికి పగటి కునుకులో స్వామి కనపడి, కనుమలో మా యమ్మ కప్పినాది, అది తియ్యొద్దు అన్నాడంట. అందరూ ఎవులా తల్లి అని అడుగుతున్నారు.”

ఎర్నమ్మ ఒక్క మాటే అడిగింది.

“ఆ ఎద్దు మెడ మానినాదా వొదినా?”

ఆ తరువాత కూడా ఆమె పూరీ వెళ్ళలేదు. వెళ్ళవలసిన పని లేదని ఆమెకు తెలిసిపోయింది. బతికినన్నాళ్ళు వేరొక రాయితో అదే పని చేసింది. ఆమె సమాధి కోవెల వెనుక ఉన్నది. ఊతగా నిలిచిన రాయి గనుక స్వామిని ఊతరాతి జగన్నాథుడనీ, ఈ చోటును ఎర్నమ్మ కనుమ అనీ పిలవడం నాటి నుంచి వచ్చింది. ఎద్దుబండ్లవారు చందాలు వేసుకుని గుడి కట్టారు. లారీ డ్రైవర్లు ముందు మండపం కట్టారు.

ఈనాటికీ కనుమ ఎక్కిన ఏ బండి అయినా, కారైనా లారీ అయినా, కోవెల ముందు ఆగినప్పుడు తోలేవారు దిగి, తమ ముందున్న పరాయి బండి చక్రం కింద రాయి వేస్తారు. తమ బండికి తాము వేసుకోరు. వెనుక వచ్చినవారు వేస్తారు. స్వామికి తెచ్చిన వస్త్రం గర్భగుడిలోకి వెళ్ళదు. మండపంలో దండెం మీద వేసి ఉంచుతారు. దారిన పోయేవారిలో ఎవరికి అవసరమైతే వారు అడగకుండా తీసుకోవచ్చు. ఆషాఢ శుద్ధ విదియనాడు ఇక్కడ రథం ఉండదు. చుట్టుపక్కల ఊళ్ళవారు తమ ఎద్దులను తోలుకుని వచ్చి, మెడలకు వెన్న రాసి, మెత్తటి గుడ్డ కడతారు. గుడికి తలుపులు లేవు, దర్శనానికి వేళలు లేవు.

కొత్త రహదారి పడిన ఏడు, ఇక కనుమకు ఎవరూ రారనుకున్నాము. నా ఉద్యోగంలో చివరి రోజున బస్సు నిండా జనం ఉన్నారు. జీడితోటల దగ్గర ఆపి, పాత దారిన పోతే ముప్పావు గంట ఆలస్యమవుతుంది, ఏం చేయమంటారని అడిగాను. ముందు సీటులో చంటిపిల్లతో ఉన్న ఆమె, “పోనివ్వండి బాబూ, ఎర్నమ్మ తల్లిని చూసి ఎన్నాళ్ళయిందో” అన్నది. ఒక్కరూ కాదనలేదు. ఆ వేళ కోవెల ముందు మా బస్సు కాక పదకొండు బండ్లు ఆగి ఉన్నాయి. పన్నెండింటి చక్రాల కిందా రాళ్ళున్నాయి. వేసినవాడెవడో బండివాడికి తెలియదు, బండి ఎవరిదో వేసినవాడికి తెలియదు.

ఈ కనుమలో పరాయి చక్రానికి రాయి వేసినవారికి, తమను ఎరిగినవారు లేని దారిలో, ఏ వాలు మీద ఆగిపోయినా, ఎవరో ఒకరు వెనుక నుంచి వచ్చి ఊత ఇస్తారని పెద్దల మాట. ఇరవై తొమ్మిదేళ్ళలో నాకు అది తప్పలేదు. మీకూ తప్పదు.