బట్టీలపల్లెలో నెరిసిన జుట్టు

అనగా అనగా, కొండకు ఇటొక ఊరు, అటొక ఊరు ఉన్న ఒక చిన్న రాజ్యం. పడమటి వైపు ఊరు మెరకపాలెం. సముద్రం మీంచి వచ్చే గాలి ముందు ఆ ఊరినే పలకరించేది. తూర్పు వైపు ఊరు బట్టీలపల్లె. అక్కడ గుల్లలు కాల్చి సున్నం తీసేవారు. కోటకు పొగ తగలకూడదని వెనకటి రాజెవరో బట్టీలను కొండ చాటున పెట్టించాడు. కోట బాగానే ఉంది. పొగ మాత్రం పల్లె మీదే కూర్చుంది.

మెరకపాలెంలో పైడమ్మ, సూరమ్మ అని ఇద్దరు కవలలు పుట్టారు. ఒకే ఉయ్యాల, ఒకే పాలు, ఒకే మొహం. కాస్త ముందు పుట్టిన పైడమ్మ అక్క అయింది. పెద్దయ్యాక పైడమ్మను ఆ ఊళ్ళోనే పూలతోట వాళ్ళింటికి ఇచ్చారు. సూరమ్మను కొండ అవతల బట్టీల వాళ్ళింటికి ఇచ్చారు.

ఏటా కొండ మీద తిరునాళ్ళ జరిగేది. అరవై దాటిన వాళ్ళను ఊరూరా పిలిచి రాజుగారు శాలువా కప్పడం అక్కడి ఆచారం. మెరకపాలెం నుంచి బోసినోటి తాతలూ అవ్వలూ నేను ముందంటే నేను ముందని తోసుకుంటూ వచ్చేవారు. బట్టీలపల్లె శాలువా మడత విప్పకుండానే పళ్ళెంలో తిరిగి వెళ్ళేది.

"వాళ్ళకు నియమం లేదు, ఏం చేస్తాం!" అని రాజుగారు నిట్టూర్చేవారు. అంతటివాడు అన్న మాట కదా, పైడమ్మ కూడా నమ్మేసింది.

అక్కాచెల్లెళ్ళు కలుసుకునేది ఆ తిరునాళ్ళలోనే. ఒక ఏడు సూరమ్మ దగ్గుతూ వచ్చింది.

"తిండి మీద ధ్యాస ఉండాలే! పాలు తాగు, పెరుగు తిను" అంది పైడమ్మ.

"మూత తీస్తే చాలు, పాలల్లో బూడిదేనే అక్కా."

"సాకులు చెప్పకు" అని ఒక నేతి గిన్నె చేతిలో పెట్టి పంపింది.

మరో ఏడు దగ్గు ముదిరింది. పైడమ్మ కరక్కాయ పొడి, తేనె తెచ్చింది. సూరమ్మ వాటిని కొంగున కట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఈ ఎండాకాలం నీ ఇంట్లో ఉండనా? ఆ గాలి తగిలితే చాలనిపిస్తోందే."

పైడమ్మకు ఇల్లు గుర్తొచ్చింది. గోడలకు కొత్తగా వెల్ల వేయించింది. బట్టీల మనిషిని ఇంట్లో పెట్టుకుంటే అత్తగారు ఊరుకోదు. "వచ్చే ఏడు చూద్దాంలే" అనేసింది. ఆ గోడలకు వేసిన సున్నం చెల్లెలి బట్టీ నుంచి వచ్చిందే. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

మూడో ఏడు సూరమ్మ నడుం వంగిపోయి వచ్చింది. జుట్టంతా సున్నపు దుమ్ముతో తెల్లగా ఉంది. గాజులమ్మే ఆమె పైడమ్మకు గాజులు తొడుగుతూ, "మీ అమ్మగారికి కూడా ఓ జత తొడగనా తల్లీ?" అంది.

చుట్టూ మెరకపాలెం ఆడవాళ్ళున్నారు. పైడమ్మ అటూ ఇటూ చూసి, "తొడుగు" అంది. అమ్మ కాదు, నాతో పుట్టిన చెల్లెలు అని చెప్పలేదు. సూరమ్మ అక్క మొహంలోకి చూసి, నవ్వి, చెయ్యి చాపింది. ఒక్క మాట తిట్టి ఉంటే పైడమ్మకు తర్వాత కాస్త తేలిగ్గా ఉండేది.

పై ఏడు తిరునాళ్ళ దగ్గరపడే వేళకు, సూరమ్మ మంచం పట్టిందని కబురొచ్చింది. పైడమ్మ మొదటిసారి కొండ దిగి అవతలికి వెళ్ళింది. ఇన్నేళ్ళూ చెల్లెలి గడప తొక్కనే లేదు మరి.

"నేనొచ్చాను కదా, నాలుగు రోజుల్లో లేపి కూర్చోబెడతా" అంది ధీమాగా.

పాలు కాచింది. తాగేలోపే పైన బూడిద పొర కట్టింది. నియమంగా తెల్లవారకముందే లేవబోతే గుండెల మీద బండ పెట్టినట్టయింది. తనకూ దగ్గు పట్టుకుంటే చెల్లెలికి తెచ్చిన మందు తానే వేసుకుంది, అయినా దగ్గు ఆగలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే ఆమె జుట్టూ సున్నపు దుమ్ముతో తెల్లబడింది.

"లేవే సూరమ్మా, మనింటికి పోదాం" అంది ఏడుస్తూ.

"ఇప్పుడు కొండ ఎక్కగలనా అక్కా? అడిగిన ఏడైతే ఎక్కేదాన్ని" అంది సూరమ్మ. ఆ గొంతులో కోపం లేదు. మర్నాటికి ఆ గొంతే లేదు.

తిరునాళ్ళకు పైడమ్మ ఆ దుమ్ము జుట్టుతోనే వెళ్ళింది. రాజుగారు పళ్ళెంలో శాలువా చూసి, "బట్టీలపల్లె నుంచి ఈసారీ ఎవరూ లేరా?" అన్నారు.

"లేరు ప్రభూ. ఆ ఊరి ఆడవాళ్ళలో పెద్దది మా చెల్లెలు. నాతో కలిసి పుట్టింది. నన్ను చూడండి, నాకింకా ఒక్క పన్నూ ఊడలేదు. అది పోయింది. దానికి నియమం లేదని మీరన్నారు, నేనూ అన్నాను. అక్కడ నాలుగు రోజులుంటే నా నియమమూ నిలవలేదు. అది మందడగలేదు ప్రభూ, గాలి అడిగింది. నేను ఇవ్వలేదు."

రాజుగారు ఆ ఏడే బట్టీలను మనుషుల్లేని మైదానానికి మార్పించారు. పల్లెవాళ్ళకు పడమటి గాలి తగిలేచోట ఇళ్ళు కట్టించారు. అదేమీ యుద్ధం చేసినంత పని కాదు. ఏనాడో చేసి ఉండొచ్చు.

సూరమ్మ కూతురు సీతాలును పైడమ్మ తన ఇంటికి తెచ్చుకుని పెంచింది. సీతాలు పెద్దయ్యాక పుట్టినూరి వాడినే పెళ్ళాడింది. పైడమ్మకూ అరవై దాటి, ఆమె భుజాన శాలువా పడింది. దాన్ని కప్పుకోలేదు, మడత పెట్టి దాచింది.

ఎన్నో ఏళ్ళకు ఒక తిరునాళ్ళలో "బట్టీలపల్లె!" అన్న పిలుపుకు ఒకామె లేచి, ముందుగా పైడమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టింది. చూపు మందగించిన పైడమ్మ ఆ తల నిమిరి, తెల్లగా కనబడిన జుట్టును వేళ్ళతో గట్టిగా రుద్దింది. వేళ్ళు కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. ఏమీ అంటలేదు.

"సున్నం కాదు పెద్దమ్మా, నెరిసింది" అంది సీతాలు నవ్వుతూ.

"మీ అమ్మ జుట్టు నెరవలేదే" అని పైడమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

పిల్లలూ, మనిషి ఆయుష్షు అతని నియమంలోనే లేదు, అతను బతికే చోటులోనూ ఉంది. ఎదుటివారికి బుద్ధులు చెప్పేముందు వాళ్ళు పీల్చే గాలి మనమూ ఒకసారి పీల్చి చూడాలి.