దొరగారు వదిలించిన తుప్పు

రాళ్లబాటలకు పేరుమోసిన ఒక రాజ్యంలో, రాజుగారి రథాన్ని వారానికోసారి కడిగే పని సింగమ్మది. రథశాల అధికారి భుజంగరాయుడికేమో ఆ పని తన బావమరిదికి ఇప్పించాలని ఆశ.

ఓరోజు పొద్దున కడిగిన రథానికి మధ్యాహ్నానికల్లా చక్రాల ఇనుప పట్టాలు ఎర్రగా తుప్పుపట్టాయి. భుజంగరాయుడికి పండగే.

"రథాన్ని నాశనం చేశావు కదే! ఇప్పుడే ప్రభువుతో చెప్తా!"

తడికి పైపైన పట్టిన తుప్పు, చక్రం నాలుగు చుట్లు తిరిగితే పోతుందని సింగమ్మకు తెలుసు. చెబితే వింటాడా?

"చెప్పాల్సిందే దొరా! కానీ కళ్లారా చూడందే ప్రభువు నమ్ముతారా? ఈ రథంలోనే వెళ్లండి," అంది.

భుజంగరాయుడు తన భారీకాయంతో రథమెక్కి, రాళ్లబాటలో ఎగిరెగిరి పడుతూ కోటకు చేరాడు. సింగమ్మ నవ్వాపుకుంటూ వెనకే పరుగెత్తింది.

"చూడండి ప్రభూ, తుప్పు!"

పట్టాలు వెండి కడియాల్లా మెరుస్తున్నాయి.

"ఏదయ్యా?" అన్నాడు రాజు.

సింగమ్మ దణ్ణం పెట్టింది. "బయల్దేరినప్పుడు ఉంది ప్రభూ. దొరగారే స్వయంగా కూర్చుని దారిపొడవునా అరగదీశారు. కడిగినప్పుడల్లా వారినే ఊరంతా తిప్పించండి. అంత బరువు ఇంకెవరికుంది?"

రాజు పకపకా నవ్వి సరేనన్నాడు.

మర్నాటి నుంచి సింగమ్మ రథాన్ని రోజూ కడగసాగింది.