పల్లేరు ముళ్ళు మోసిన ఇర్రి

అనగనగా ఒక అడవికి చివర, చెట్లు అయిపోయి ఆకాశం మొదలయ్యే చోట, పెద్ద గడ్డిబీడు ఒకటి ఉండేది. ఆ బీడు మీద ఒక జింకల మంద. మందకు పెద్ద ఒక ఇర్రి. ఇర్రి అంటే మగ జింక. నల్ల వీపు, తెల్ల పొట్ట, తాడు పేనినట్టు మెలికలు తిరిగిన కొమ్ములు. అందుకే అందరూ మెలికొమ్మయ్య అనేవారు.

మెలికొమ్మయ్యకు రెండు గుణాలు. ఏదీ వంకరగా ఉండకూడదు. ఎవరు చేసిన తప్పునూ మరిచిపోకూడదు. చిన్నప్పుడు ఒక పల్లేరుకాయ ఆయన గిట్టల సందున గుచ్చుకుంది. మూడు రోజులు కుంటుతూ నడిచాడు. ఎనిమిదేళ్ళయినా పల్లేరు మీద ఆ పగ తీరలేదు.

ఇర్రులకు ఒక ఆచారం ఉంది. రోజూ ఒక్కచోటే పెంటికలు వేస్తాయి. ఆ కుప్పే వాటికి హద్దురాయి. మెలికొమ్మయ్య కుప్ప అన్నిటికంటే పెద్దది. పరాయి ఇర్రులు దాన్ని చూసి దూరం నుంచే వెనక్కి తిరిగేవి. అది చూసినప్పుడల్లా ఆయన మెడ ఇంకాస్త పైకి లేచేది.

ఒకరోజు మందను నిలబెట్టి చెప్పాడు.

"ఈ బీడు మీద తినదగ్గది తీయని చెంగలి గడ్డి ఒక్కటే. మిగతాదంతా చోటు దండగ. పీకేయండి."

మొదటి ఏడు పల్లేరును గిట్టలతో గీకేశారు. "కాళ్ళు పొడిచే తిండి ఎవడికి కావాలి?" అన్నాడు.

రెండో ఏడు వెంపలిని పూత రాకముందే కొరికి ఉమ్మేశారు. "కాయ నమిలితే పళ్ళు అరుగుతాయి," అన్నాడు.

మూడో ఏడు ఉత్తరేణి వంతు. "నా నల్ల వీపంతా గింజలు అంటిస్తుంది. సిగ్గులేని మొక్క!" అన్నాడు.

ఎదురు మాట్లాడింది ఒక్కరే. కన్నాలవ్వ. బీడు మధ్య దిబ్బ కింద కాపురం ఉండే ముసలి ఎలుక.

"అయ్యా, పైన మేసేవాడివి నువ్వు. కింద బతికేదాన్ని నేను. ఆ వేళ్ళు పోతే నేల పోతుంది. నా మాట విను," అంది.

"కన్నంలో దూరేదానికి బీడు సంగతి ఏం తెలుసే?" అన్నాడు మెలికొమ్మయ్య. మంద అంతా నవ్వింది.

"తెలియదులే. నా దిబ్బ జోలికి మాత్రం రాకు," అని కన్నాలవ్వ లోపలికి పోయింది.

మంద ముందర ఎలుక తనకు బుద్ధి చెప్పడమా! ఆ మాట మెలికొమ్మయ్య గుండెలో పల్లేరుకాయలా దిగింది. "ఆ దిబ్బ వైపు ఎవరూ కాలు పెట్టకూడదు. ఆ చెత్తలోనే పడి ఉండనీ," అన్నాడు.

మూడేళ్ళకు బీడంతా ఒకే పచ్చబట్ట పరిచినట్టు తయారైంది. ఎక్కడా ఒక కలుపు లేదు. మెలికొమ్మయ్య దాన్ని చూసి మురిసిపోయేవాడు. ఆయన మనవరాలు చుక్కి, మొన్న పుట్టిన లేడిపిల్ల, అడిగింది.

"తాతా, నేల టకటకమంటోంది ఎందుకు?"

"గట్టిగా ఉంది కనక. పరుగెత్తడానికి బాగుంటుంది."

అప్పుడు వాన వచ్చింది.

మొదటి రోజు నీళ్ళు గడ్డి మీదే నిలిచాయి. లోపలికి ఇంకలేదు. రెండో రోజు నీళ్ళు పల్లానికి జారడం మొదలుపెట్టాయి. మూడో రోజు మంద మిట్ట మీద నిలబడి చూస్తుండగానే, గడ్డంతా ఒక్కసారిగా లేచింది! ఎవరో చాప చుట్టినట్టు మొదలంటా చుట్టుకుని, వాగులోకి పోయింది. ఆ గడ్డి వేళ్ళన్నీ జానెడు లోతే. అన్నీ ఒకే లోతు. వాటి కింద నేలను పట్టుకున్నది ఏదీ లేదు. మిగిలింది బండలాంటి బోడి నేల.

ఆకలి మొదలైంది. చుక్కి తల్లికి పాలు ఎండిపోయాయి. అయిదో రోజు చుక్కి లేచి నిలబడలేకపోయింది. ముందుకాళ్ళ మీద లేచింది, మళ్ళీ పడింది. మెలికొమ్మయ్య నాలుగు దిక్కులా చూశాడు. కళ్ళకు ఆనిన పచ్చదనం ఒక్కటే. కన్నాలవ్వ దిబ్బ.

వెళ్ళాడు.

"ఎవరది?" అంది కన్నాలవ్వ పైనుంచి. "ఇటు కాలు పెట్టకూడదని మీ పెద్ద ఆజ్ఞ ఉందే!"

"ఆ పెద్దను నేనే."

"నువ్వా! బురదలో గుర్తుపట్టలేదు అయ్యా."

మెలికొమ్మయ్య ఆ మాట మింగాడు. "నాకు కాదు అవ్వా. నా మనవరాలి తల్లికి కాస్త మేత కావాలి. పిల్ల లేవడం లేదు."

కన్నాలవ్వ దిబ్బ అంచుకు వచ్చింది. "మేత ఇస్తాను. ముందు ఇటు దిగి ఈ కోత చూడు. తల వంచి చూడాలి. కొమ్ములు ఎత్తుకుంటే కనపడదు."

వరద ఆ దిబ్బను ఒక పక్క కత్తితో కోసినట్టు కోసి, అక్కడితో ఆగిపోయింది. మెలికొమ్మయ్య పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ తల వంచలేదు. ఇప్పుడు వంచాడు.

చూసి, ఊపిరి తీయడం మరిచాడు.

నేల కింద ఇంకో అడవి ఉంది! చెంగలి వేళ్ళు పైన వెంట్రుకల్లా అల్లుకుని ఉన్నాయి. వాటి కింద ఉత్తరేణి వేళ్ళు అడ్డంగా, ఏటవాలుగా పాకి ఉన్నాయి. వాటినీ దాటుకుని వెంపలి వేరు నిట్టనిలువునా దిగింది. ఎంత లోతుకో కంటికి అందలేదు. చచ్చిపోయిన పాత వేరు ఉన్నచోట సన్నని గొట్టం మిగిలింది. ఆ గొట్టంలోంచి నీటిచుక్కలు ఒకదాని వెనక ఒకటి, దారి తెలిసినట్టు కిందికి పోతున్నాయి. వేళ్ళ మధ్య సాలెగూటి కంటే సన్నని తెల్లని దారాలు. ఆ దారాలు మట్టిని చిన్న చిన్న నువ్వుండల్లా కట్టి పట్టుకున్నాయి. ఉండకూ ఉండకూ మధ్య గాలి. ఆ గాలిలోంచి ఒక వానపాము బయటికి తొంగిచూసి, తన పనికి తాను పోయింది. పైన పల్లేరు నేలను కప్పుకుని పడుకుంది. వాన దెబ్బంతా అదే కాచుకుంటుంది.

"ఇదంతా ఎవరు కట్టారు అవ్వా?" అన్నాడు. ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

"నువ్వు చెత్త అన్నావే, వాళ్ళే. ఒక్కరి వల్ల కాదు. ఒక్కొక్కరిదీ ఒక్కో లోతు. అందరూ ఉంటేనే ఇల్లు నిలబడుతుంది."

"మరి నా బీడు ఇక ఇంతేనా?"

"గింజ నడవలేదు కదయ్యా. కాళ్ళున్నవాడు మోయాలి."

ముందు చుక్కి తల్లి వచ్చి కడుపు నిండా మేసింది. సాయంత్రానికి చుక్కి పాలు తాగింది. అప్పుడు మెలికొమ్మయ్య పనిలోకి దిగాడు. వెంపలి కాయలు పళ్ళు అరిగేలా నమిలి మింగాడు. మెరిసే నల్ల వీపును ఉత్తరేణిలో పొర్లించాడు. చివరికి పల్లేరు దగ్గర ఆగాడు. పదకొండేళ్ళ పగ. కళ్ళు మూసుకుని అందులో నడిచాడు. ముళ్ళు గిట్టల సందున దిగాయి.

కుంటుకుంటూ బోడి నేల మీదికి వెళ్ళాడు. తన పెంటికల కుప్పను తన కొమ్ములతోనే చిమ్మేశాడు. ఇక ఒకచోట కాదు. బీడంతా తిరిగి, పదడుగులకు ఒకచోట గింజలున్న పెంటికలు వేశాడు.

ఒక కుర్ర ఇర్రి నవ్వింది. "హద్దు లేని పెద్ద, ఏం పెద్ద?"

మెలికొమ్మయ్య ఆ మాట వినకపోలేదు. అయినా ముందుకే నడిచాడు. ఆయనకు పని ఉంది.

మరుసటి ఏడు తొలకరికి ఆయన కుంటిన అడుగుల వరసనే పసుపు పూలు పూశాయి. పల్లేరు పూలు. వాటి మధ్య వెంపలి, ఉత్తరేణి, చెంగలి. వాన దంచి కొట్టింది. మెలికొమ్మయ్య తల వంచి నేలకు చెవి ఆనించాడు. చుక్కి కూడా ఆనించింది. లోపల నేల గుటక గుటకగా నీళ్ళు తాగుతోంది.

"తాతా, నీ కాలికి ముల్లు," అంది చుక్కి.

"ఉండనీవే. ఆ చివర ఇంకా నాటలేదు."

నీతి: పనికిరాదని దేన్నైనా పీకే ముందు, అది కింద ఏం పట్టుకుని ఉందో తల వంచి చూడాలి.