భజన మందిరం గోడకి సముద్రం

రండి, ముందుకి రండి. చాప మీద ఇంకా చోటుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మా, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మీరూ ఇలా జరగండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. దగ్గరగా కూర్చుంటేనే వినపడుతుంది.

విశాఖ దాటి ఉత్తరానికి పోతే సముద్రం ఒడ్డున ఒక గుట్ట, గుట్ట మీద దర్గా. ఆ దర్గాలో లతీఫ్ బాబా ఉండేవారు. వయసులో ఉండగా ఫోటో స్టూడియో నడిపారు. తర్వాత దేవుడి పనిలో పడ్డారు గానీ కెమెరాని వదల్లేదు. తెల్లవారుజామున నమాజు చేసుకుని, అదే చేతులతో కెమెరా తుడుచుకునేవారు. రెండూ ఒకటే పని అనేవారు. ఎలాగని అడిగితే నవ్వేవారు. ఆయన దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నవాళ్ళలో కోనపాలెం నూకరాజు ఒకడు.

ఇప్పుడు వాడికొచ్చిన కష్టం వినండి.

తుఫానుకి కోనపాలెం సగం కొట్టుకుపోయాక, ఊరిని గుట్ట వెనక్కి మార్చారు. ఇళ్ళు గట్టివే. కానీ అక్కడినుంచి సముద్రం కనపడదు. మగవాళ్ళు వేటకి పోయినప్పుడు చూస్తారు. నడవలేని ముసలివాళ్ళకి ఆ భాగ్యమూ లేదు. అందుకని కొత్తగా కట్టిన భజన మందిరంలో, ఒక గోడ పొడుగునా తమ సముద్రం ఫోటో పెట్టుకోవాలనుకున్నారు. నేను తీస్తానన్నాడు నూకరాజు.

మందిరం పనులు చూసే అప్పన్న, "ఆదివారం తెరుస్తన్నాం. అప్పటికి బాగున్నది ఇస్తే సరే. లేదంటే టౌన్లో ఫ్లెక్సీ కొట్టించేస్తాను" అన్నాడు. ఆ ఫ్లెక్సీ మీద ఉండబోయేది ఏ దేశం సముద్రమో, పైవాడికే తెలియాలి.

అంత పొడుగు ఫోటో ఒక్క దెబ్బకి రాదు. కెమెరాని ఎడమనుంచి కుడికి కొంచెం కొంచెం తిప్పుతూ వరసగా తీసి, ఆ ముక్కల్ని కంప్యూటర్లో అతకాలి. నూకరాజు తీశాడు, అతికాడు, అప్పన్నకి చూపించాడు.

అప్పన్న ఇటునుంచి అటు చూశాడు. "ఒరే, సముద్రమేట్రా ఇది? పుల్లైసు కరిగినట్టుంది!"

నూకరాజు మొహం మాడిపోయింది. తిన్నగా దర్గాకొచ్చి ఫోటో బాబా ముందు పెట్టాడు.

"ఆడికేటి తెలుసు బాబా! ఒక్క అతుకు కనబడతందేటో మీరు సెప్పండి."

నిజమే, కనబడట్లేదు. కింద నీలం, పైన నారింజ అంత దట్టంగా పులిమేశాడు మరి! ఒడ్డున నురగ తెల్లగా మెరిసిపోతోంది గానీ అందులో ఒక్క బుడగ లేదు. సున్నం కొట్టినట్టుంది.

"పులమక ముందు ఎలా ఉందో చూపించు బేటా."

చూపించక తప్పలేదు. ఆకాశం పాతచీరల ముక్కలు కుట్టి ఆరేసినట్టుంది. ఒక ముక్క వెలిసిపోయింది, దాని పక్కది నల్లబడింది.

"ఆటోలో పెట్టాను బాబా. ఏ ముక్కకి ఎంత వెలుగు కావాలో కెమెరాయే సూసుకుంది. ఎక్కడికక్కడ సరిగ్గానే తీసింది."

"ఎక్కడికక్కడ సరిగ్గానే," అని తలూపారు బాబా. "రేపు పొద్దున్నే ఒడ్డుకి రా. నీ నల్లకళ్ళద్దాలు మర్చిపోకు."

మర్నాడు పొద్దు పొడుస్తోంది. ఒడ్డున వలలు సర్దుకుంటున్నారు. బాబా నీళ్ళకి ఎదురుగా నిలబడి, నూకరాజు కళ్ళద్దాలు అడిగి తీసుకున్నారు. పెట్టుకుని ఎడమవైపు చూశారు. కొంచెం కుడికి తిరిగి, తీసేశారు. ఇంకొంచెం తిరిగి, మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తిరిగి, మళ్ళీ తీశారు. ఆ తెల్లగడ్డానికీ, ఆకుపచ్చ తలపాగాకీ ఆ నల్లకళ్ళద్దాలు ఎలా ఉన్నాయో మీరే ఊహించుకోండి.

వలల దగ్గరనుంచి లచ్చయ్య కేకేశాడు. "సినిమాలో ఏసం దొరికిందేటి బాబా?"

"హీరో వేషమే లచ్చయ్యా! నువ్వు విలన్‌గా వస్తావా?"

ఒడ్డంతా నవ్వులే. నూకరాజుకి సిగ్గేసింది. "ఏటి బాబా ఇది? అందరూ సూస్తన్నారు."

"నేనూ చూస్తున్నా. సముద్రాన్ని."

"అలాగెవరైనా సూస్తారా? పెట్టుకుంటే పెట్టుకోవాలి, తీస్తే తీసెయ్యాలి. మధ్య మధ్యలో మారుస్తుంటే అదంతా ఒక్క సముద్రంలాగ ఎలా..."

మాట సగంలో ఆగిపోయింది. వాడి చూపు తను తెచ్చి ట్రైపాడ్ మీద నిలబెట్టిన కెమెరా వైపు తిరిగింది.

బాబా కళ్ళద్దాలు మడిచి వాడి జేబులో పెట్టారు.

నూకరాజు ఆటో తీసేశాడు. ఇక వెలుగుని తనే ఒక్కసారి కొలిచి పెట్టాలి. మొదటి ముక్కనుంచి చివరి ముక్కదాకా అదే ఉండాలి. "ఎక్కడ కొలవమంటారు బాబా?"

బాబా వేలెత్తి చూపించారు. తూర్పున ఎండ నీళ్ళ మీద పడి, కళ్ళు చెదిరిపోయే చోటు అది.

"అక్కడ కొలిస్తే ఒడ్డునున్న పడవలు నల్లబడిపోవా?"

"నీడలో ఉన్నదాన్ని తర్వాత మెల్లగా పిలవొచ్చు, వస్తుంది. వెలుగెక్కువై మండిపోయినదాన్ని పిలిస్తే రాదు."

అక్కడే కొలిచి, ఆ కొలతని బిగించి, మళ్ళీ ముట్టుకోలేదు. ఒక అల విరిగి ఇంకోటి లేచేలోగా, ముక్క మీదికి ముక్క కొంచెం వచ్చేలా చకచకా తిప్పుతూ తీసేశాడు.

ఆ పూటే దర్గా గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆకాశం ఈ చివరనుంచి ఆ చివరికి ఒక్కటిగా పరుచుకుంది. పడవలకి కాస్త వెలుగిస్తే తేరుకున్నాయి. అక్కడితో ఆపితే పనైపోయేది. కానీ చెయ్యి ఊరుకుంటుందా? పాయసంలో తీపి సరిపోయిందని తెలిసీ ఇంకో చెంచా పంచదార వేసే చేతులు కావూ మనవి!

నీలం కొంచెం పెంచాడు.

వెనక కూర్చున్న బాబా లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి, సముద్రాన్ని చూసి, వచ్చి కూర్చున్నారు.

మబ్బుల అంచుకి నారింజ అద్దాడు.

బాబా మళ్ళీ లేచారు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి. కిటికీ దాకా వెళ్ళి, చూసి, వచ్చారు.

నురగని ఇంకా తెల్లగా చెయ్యబోయాడు. లేవడానికి బాబా కుర్చీ మీద చేతులు ఆనించారు.

"మీరు కూకోండి బాబా. నేనెళ్తాను," అన్నాడు నూకరాజు.

వెళ్ళాడు. చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి నీలం తీసేశాడు, నారింజ తీసేశాడు. నురగ జోలికే పోలేదు.

ఆదివారం ఫోటో గోడెక్కింది. బాబా కూడా వచ్చారు. జనం ఇంకా రాలేదు. అప్పన్న చేతులు కట్టుకుని చూశాడు. "మరీ సాదాగుందిరా. ఇప్పుడైనా మించిపోయింది లేదు, కాస్త రంగు కొట్టి తెస్తావా? ఫ్లెక్సీవోడికి ఫోన్ చెయ్యమంటావా?"

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. "రంగు కొట్టను అప్పన్నా. మన సముద్రం ఇదే. నీకు నచ్చకపోతే దింపేసుకుంటాను."

అప్పన్న ఫోన్ తీశాడు.

అంతలో పోలమ్మని కుర్చీతో సహా ఎత్తుకుని మనవలిద్దరూ లోపలికొచ్చారు. ఊరు మారిన దగ్గర్నుంచీ ఆవిడ సముద్రం మొహం చూడలేదు. గోడకెదురుగా దించారు. పోలమ్మ ఎడమనుంచి మొదలుపెట్టి, మెల్లగా, ఎక్కడా ఆగకుండా కుడిదాకా తల తిప్పింది. తర్వాత గాలి కొట్టినట్టు పైట చెంగు లాగి, మెడ చుట్టూ బిగించి కప్పుకుంది.

అప్పన్న తలెత్తి పైకి చూశాడు. మందిరానికి ఇంకా ఫ్యాన్లు బిగించలేదు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

నూకరాజు ఫోటో ముందుకొచ్చి బాబా వైపు చూశాడు. "ఇంకేటైనా సరిచెయ్యాలా బాబా?"

"పక్కకి జరుగు బేటా. ఆవిడకి అడ్డున్నావు."

అదీ కథ, నాయనలారా. ఇందులోంచి ఒక్క పని గుర్తు పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళండి. మీ పని ఏదైనా కానీ, చెయ్యి ఇంకొంచెం, ఇంకొంచెం అన్నప్పుడు లేచి కిటికీ దాకా వెళ్ళి చూసి రండి. రేపూ వెళ్ళండి. చెయ్యి అలా అన్నప్పుడల్లా వెళ్ళండి.